పాత ఇనుము కొట్టులో రైలు క్లిప్పులు దొరికాయని నాన్న మీద కేసు. కొన్నవాళ్ళదీ నేరమేనా?

జంక్షన్ కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మాది రైల్వే జంక్షన్ ఉన్న ఊరు, పేరు అడగొద్దు. నాన్నకి పాత ఇనుము కొట్టు ఉంది. తోపుడు బండ్ల వాళ్ళు, సంచి భుజాన వేసుకుని ఏరుకునేవాళ్ళు తెచ్చింది కాటా పెట్టి కొంటాడు. లోడు అయ్యాక పెద్ద వ్యాపారికి వేస్తాడు. మొన్న ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. "ఇక్కడే అమ్మాను" అని వాడు చూపించాడు. రేకుల కుప్ప వెనకాల గోనెసంచిలో పట్టాలకి బిగించే క్లిప్పులు దొరికాయి. పంచుల చేత సంతకాలు పెట్టించి పంచనామా రాశారు. నాన్నని పోస్టుకి తీసుకెళ్ళి స్టేట్‌మెంట్ తీసుకుని, రాత్రికి జామీను మీద వదిలారు.

ఆ స్టేట్‌మెంటులో "రైల్వే సామాను అని తెలిసే తక్కువ ధరకి కొన్నాను" అని ఉందట. నాన్నకి సంతకం చెయ్యడం వచ్చు, చదవడం అంతగా రాదు. మా బాబాయి మాత్రం "పోలీసుల దగ్గర చెప్పింది కోర్టులో చెల్లదురా, పైగా తెలిసి కొన్నాడని వాళ్ళే రుజువు చెయ్యాలి, 411 కేసులు నేను బోలెడు చూశాను" అంటున్నాడు. నిజమేనా?

తుక్కుశీను

తమ్ముడూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పు. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాడి గడపా ఎప్పుడో ఒకప్పుడు తొక్కుతారు. కిలోల లెక్కన వచ్చే తుక్కులో ఏది ఎవరిదో ఎవడికి తెలుస్తుంది? బస్తా విప్పి ఒక్కొక్క ముక్కకీ జాతకం అడుగుతామా? మీ బాబాయి చెప్పింది కరెక్టే. తెలిసి కొంటేనే నేరం.

నల్లకోటు

శీనుగారూ, క్షమించాలి, ఈ కేసులో ఆ మాట పట్టుకుంటే మునుగుతారు.

బాబాయిగారు చెబుతున్న 411 పాత ఐపీసీ సెక్షన్. 2024 జులై 1 నుంచి జరిగినవాటికి అది భారతీయ న్యాయ సంహిత 317(2). దాని కింద దొంగసొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకున్నాడని ప్రాసిక్యూషనే చూపాలి. శిక్ష 3 ఏళ్ళ దాకా.

రైల్వే సామాను దొరికితే పెట్టేది ఆ సెక్షన్ కాదు. 1966 నాటి రైల్వే ఆస్తి (అక్రమ స్వాధీనం) చట్టం అని విడిగా ఉంది. దాని 3వ సెక్షన్ పట్టుకునేది దొంగిలించినవాణ్ణి ఒక్కణ్ణే కాదు. దొంగిలించిందనో, అక్రమంగా సంపాదించిందనో సహేతుకంగా అనుమానించదగ్గ రైల్వే ఆస్తి ఎవరి దగ్గర ఉన్నా, అది తన దగ్గరికి న్యాయంగా వచ్చిందని అతనే రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే శిక్ష. మొదటిసారి అయితే 5 ఏళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఏడాదికి, వెయ్యి రూపాయలకి తగ్గించకూడదని కూడా చట్టంలోనే ఉంది. రెండోసారి దొరికితే ఆ కనీసం రెండేళ్ళు, రెండు వేలు.

"తెలిసి" అన్న మాట ఆ సెక్షన్‌లో వెతికినా దొరకదు.

జంక్షన్ కుర్రాడు

అంటే కొట్టులో దొరికితే చాలా? ఇంక వాదించడానికి ఏముంది సార్?

నల్లకోటు

చాలా ఉంది. భారం మీవైపు తిరగడానికి ముందు వాళ్ళు మెట్లు ఎక్కాలి. ఆ సామాను రైల్వేదే అని తేలాలి. నాన్నగారి ఆధీనంలో, ఆయన ఎరుకలో ఉందని తేలాలి. దొంగసొత్తు అని అనుమానించడానికి తగిన ఆధారం ఉండాలి, ఊరికే ఆఫీసరుకి అనిపిస్తే సరిపోదు. ఇవన్నీ నిలబడ్డాకే "నీకెలా వచ్చింది" అన్న ప్రశ్న మీ ముందుకొస్తుంది. అప్పుడు కూడా ప్రాసిక్యూషన్ లాగా సందేహాతీతంగా నిరూపించక్కర్లేదు. నమ్మదగ్గ వివరణ, దానికి తగ్గ ఆధారం ఉంటే చాలు.

ఆధీనం గురించి అడుగుతాను. కొట్టుకి ప్రహరీ ఉందా? రాత్రిళ్ళు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఇంకెవరైనా అక్కడ సామాను దించుకుంటారా?

జంక్షన్ కుర్రాడు

ముందువైపు రేకుల తలుపు, తాళం నాన్న దగ్గరే. వెనక గోడ సగం పడిపోయి ఉంది. పక్కన సీసాల వ్యాపారం చేసే ఆయన కూడా అటువైపే బస్తాలు పెట్టుకుంటాడు. కానీ నిజం చెప్పాలంటే ఆ సంచి నాన్నే కొన్నాడు. నేను గట్టిగా అడిగితే "ఇనుము కదా అని వేయించుకున్నాను" అన్నాడు.

నల్లకోటు

అలాగైతే గోడ కథ ఎత్తకండి. అబద్ధపు డిఫెన్సు ఒక్క సాక్షి దగ్గర బెడిసికొడితే నిజం చెప్పినా తర్వాత నమ్మరు.

ఇప్పుడు ఆ స్టేట్‌మెంట్ సంగతి. నిజమైన ప్రమాదం అక్కడ ఉంది. మామూలు పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టం 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 23. కానీ ఈ చట్టం కింద విచారించే ఆర్పీఎఫ్ అధికారి ఆ సెక్షన్ ఉద్దేశించిన "పోలీసు అధికారి" కాదని సుప్రీంకోర్టు 1980లో బాల్‌కిషన్ దేవీదయాళ్ కేసులో తేల్చేసింది. విచారణలో ఠాణా ఇన్‌ఛార్జికి ఉండే అధికారాలు ఆయనకి ఉన్నాయి గానీ, చార్జిషీటు వేసే అధికారం లేదు. కోర్టులో కంప్లైంట్ దాఖలు చేస్తాడు. అందుకని ఆయన ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా పనికొస్తుంది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగం 20(3) అధికరణం కూడా ఆ దశలో అడ్డు రాదు, ఎందుకంటే కంప్లైంట్ పడేదాకా అతను చట్టం దృష్టిలో "నిందితుడు" కాదన్నారు.

మీ బాబాయిగారి ధైర్యం ఇక్కడే దెబ్బతింటుంది.

వరంగల్ పోరడు

గిదెక్కడి న్యాయం అన్నా? లాఠీ పట్టుకుంటడు, అరెస్టు చేస్తడు, లోపల కూసోబెడ్తడు. గని పోలీసు కాదంట! ఖాకీ బట్టలేసుకున్నోడు పోలీసు కాదంటే గ తాతకెట్ల సమజైతది?

మాజీ ఖాకీ

నేను ఆ ఖాకీ వేసుకునే రిటైరయ్యాను, అందుకే రెండు మాటలు.

మీరందరూ సంచిలో దొరికిన ఇనుము లెక్కన మాట్లాడుతున్నారు. అది ఏమిటో ముందు చూడండి. ఒక కాంక్రీటు స్లీపరు మీద రెండు పట్టాలూ కూర్చోవాలంటే నాలుగు క్లిప్పులు కావాలి. మెయిన్ లైనులో కిలోమీటరుకి 1660 స్లీపర్లు. ఒక్కో క్లిప్పు కిలోకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. కీమ్యాన్ రోజూ ఆ బీటు నడిచి చూసేది అందుకే. వంపులో వరసగా పది స్లీపర్లకి క్లిప్పులు లేకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పట్టాల నుంచి ఊడబీకినట్టు తేలితే, రైలుకి ప్రమాదమని తెలిసి చేసినవాడి మీద 1989 రైల్వే చట్టం 150 కూడా పడుతుంది. అది యావజ్జీవం దాకా వెళ్ళే సెక్షన్.

క్లిప్పు స్ప్రింగు ఉక్కు. మామూలు ఇంటి తుక్కులో అది ఉండే అవకాశమే లేదు. ఇల్లు పడగొట్టినా, మోటారు విప్పినా, గేటు కోసినా ఆ ఆకారం రాదు. జంక్షన్ ఊర్లో పాత ఇనుము కొట్టు నడిపేవాడికి ఆ వంకర చూడగానే తెలుస్తుంది. శీనుగారూ, నిజం చెప్పండి, మీకు తెలియదా?

తుక్కుశీను

తెలుస్తుంది సార్. చూస్తే తెలుస్తుంది. కానీ బస్తా విప్పకుండా కాటా వేసే రోజులు ఉంటాయి. సాయంత్రం ఆరింటికి లారీ నిలబడి ఉంటుంది, బయట పదిమంది ఏరుకునేవాళ్ళు డబ్బులకోసం గొడవ. అంత మాత్రాన అయిదేళ్ళా?

ఇంకోటి. రైల్వేవాళ్ళే ఏటా టన్నులకొద్దీ తుక్కు వేలం వేస్తారు కదా. వేలంలో కొన్నవాడి దగ్గర్నుంచి చేతులు మారి మా దగ్గరికి వస్తుంది. అది కూడా నేరమేనా?

నల్లకోటు

కాదు. అసలు డిఫెన్సుల్లో గట్టిది అదే. రైల్వే పాత సామానుని ఇప్పుడు ఐఆర్ఈపీఎస్ పోర్టల్‌లో ఈ-వేలం వేస్తున్నారు. డబ్బు కట్టి డెలివరీ ఆర్డరు తీసుకుని, డిపో నుంచి గేట్ పాస్ మీద సామాను బయటికొచ్చాక అది రైల్వే ఆస్తి కాదు. చట్టంలో రైల్వే ఆస్తి అంటే రైల్వే పరిపాలనకి చెందినది, లేదా దాని సంరక్షణలోనో ఆధీనంలోనో ఉన్నది. అమ్మేశాక రెండూ కాదు.

అందుకే గుర్తింపు సాక్ష్యం కీలకం. సాధారణంగా పట్టాల నిర్వహణ చూసే పి.వే విభాగం సీనియర్ సెక్షన్ ఇంజినీరు వచ్చి "ఇది రైల్వే సామాను" అని సర్టిఫికెట్ ఇస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సింది: దేన్ని బట్టి? గుర్తులున్నాయా? ఈ రకం సామాను మీ శాఖ వేలంలో అమ్మిందా లేదా? ఏ సెక్షన్ నుంచి పోయింది, పోయినట్టు రిజిస్టరులో ఉందా? ఈ జవాబుల దగ్గరే చాలా కేసులు నిలబడతాయి, పడిపోతాయి.

మాజీ ఖాకీ

నల్లకోటుగారు చెప్పింది సరైనదే. కానీ దాని రెండోవైపు కూడా రాస్తాను. పెద్ద వ్యాపారి దగ్గర ఒక డెలివరీ ఆర్డరు ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూపిస్తూ ఉంటాడు. ఆర్డరులో అయిదు టన్నులు, యార్డులో ఎప్పుడు వెళ్ళినా అయిదు టన్నులు. అదేమి అక్షయపాత్రో! కాగితం చూసి సెల్యూట్ కొట్టి వచ్చేసేవాళ్ళూ ఉన్నారు. తూకం, తేదీ, లాటు వివరం, ఎంత అమ్మాడో బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప దొరకడు. దొరికేది ఎప్పుడూ కాగితం లేని చిన్న కొట్టువాడే. ఈ మాట సర్వీసులో ఉన్నప్పుడు కూడా అన్నాను, ఎవరికీ నచ్చలేదు.

వరంగల్ పోరడు

గదే నేనంటున్న. చట్టం "యాడికెల్లి తెచ్చినవ్" అని అడుగుడు తప్పుగాదు. గని జవాబు కాయితం మీదనే ఉండాలంటే, కాయితం రాసుకునే తెలివి ఉన్నోడే బయటపడ్తడు. చేసిందానికి గాదు, రాసుకోనిదానికి శిక్ష పడుతుంది.

లెక్కల మాస్టారు

కాగితం మాట వచ్చింది కాబట్టి. కుర్రాడూ, మీ కొట్టుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా? 2024 అక్టోబరు 10 నుంచి లోహపు తుక్కుని రిజిస్టరు కానివాళ్ళ దగ్గర కొంటే, రిజిస్టరు అయిన కొనుగోలుదారే రివర్స్ ఛార్జి కింద పన్ను కట్టాలి. అంటే తోపుడు బండి ఆయన బిల్లు ఇవ్వలేకపోయినా, మీరే మీ పేరుమీద సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాలి. ఎవరి దగ్గర, ఏ రోజు, ఎంత తూకం, ఏ సరుకు అన్నవి అందులో వచ్చేస్తాయి. పన్ను కోసం పెట్టిన నిబంధనే గానీ ఇలాంటి కేసులో అదొక రికార్డు.

జంక్షన్ కుర్రాడు

రిజిస్ట్రేషన్ లేదండీ. నాన్న దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉంది. రోజువారీ కొన్నవి రాస్తాడు. "బీడు, ఇనుము, రేకు, రాగి" అని పక్కన కిలోలు, డబ్బులు. మనిషి పేరు ఉండదు. కొన్నిచోట్ల "కుంటాయన", "బండి ముసలాయన" అని ఉంది. ఆ సంచి కొన్న రోజు పేజీలో "ఇనుము" అని మాత్రమే ఉంది, ధర మిగతా ఇనుము ధరే. పుస్తకం ఆర్పీఎఫ్ వాళ్ళు అడగలేదు, ఇంట్లోనే ఉంది.

కృష్ణలంక రాజా

బ్రదర్ ఇంత టెన్షన్ ఎందుకు. వేలంలో కొనే పెద్ద డీలరు ఎవరైనా తెలిసే ఉంటారు కదా. ఆయన చేత రెండు నెలల కిందటి తేదీతో ఒక బిల్లు రాయించుకో. "ఫలానా వాళ్ళ దగ్గర కొన్నాం" అని పెట్టెయ్. మా వైపు ఇలాగే క్లోజ్ చేసుకున్నారు.

నల్లకోటు

రాజాగారూ, ఆ సలహా వెనక్కి తీసుకోండి. కుర్రాడూ, అది చదవనట్టే అనుకో.

లేని బిల్లు పుట్టిస్తే అది ఫోర్జరీ. కోర్టులో పెడితే తప్పుడు సాక్ష్యం. ఇప్పుడున్నది ఒక కేసు, అప్పుడు మూడవుతాయి, నువ్వూ ముద్దాయివవుతావు. పైగా బిల్లు ఇచ్చిన డీలర్ని పిలిచి అతని డెలివరీ ఆర్డరు, జీఎస్టీ రిటర్నులు తీస్తారు. ఇందాక మాజీ ఖాకీగారు చెప్పిన తూకాల లెక్క అక్కడ బయటపడుతుంది. పైగా ఆ కుర్రాడు తానే తెచ్చి అమ్మానని చెబుతుంటే డీలరు బిల్లు ఎలా అతుకుతుంది?

ఆ పుస్తకం మాత్రం బంగారం. దాని మీద ఒక్క అక్షరం కలపొద్దు, కొట్టెయ్యొద్దు. ధర మిగతా ఇనుముతో సమానంగా ఉందన్నావు చూడు, స్టేట్‌మెంటులో "తక్కువ ధరకి కొన్నాను" అని రాయించినదానికి అది నేరుగా ఎదురు నిలబడుతుంది. రోజూ రాసే పుస్తకం, మధ్యలో ఒక పేజీ, కేసుకి ముందే రాసింది. ఈ చట్టం కింద వివరణకి కావలసిన బరువు ఇలాంటి వాటితోనే వస్తుంది.

సెల్ పాయింట్

ఇదే దారంలో నా డౌటు కూడా. నేను సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొని అమ్ముతాను. పోయినేడాది ఒక ఫోను అమ్మితే, కొన్నాయన సిమ్ము వేసిన వారానికి స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఎవరిదో పోయిన ఫోనట. ఫోను ఇచ్చేశాం, నేను ఆయన డబ్బులు వెనక్కిచ్చాను. కేసు పెట్టలేదు. అప్పుడు కూడా నేనే రుజువు చేసుకోవాలా?

నల్లకోటు

అది వేరే సంగతి. ఫోనుకి రైల్వే చట్టం లేదు కాబట్టి 317. 1954లోనే త్రింబక్ కేసులో సుప్రీంకోర్టు ఏమి చూపాలో చెప్పింది. దొంగసొత్తు నిందితుడి ఆధీనంలో ఉండాలి, అంతకుముందు అది మరొకరి ఆధీనంలో ఉండాలి, దొంగసొత్తు అని ఇతనికి తెలిసుండాలి. తెలియడం ప్రాసిక్యూషన్ చూపాలి.

కాకపోతే ఒక మెలిక. దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు ఎవరి దగ్గర ఉంటే, వాడు దొంగో, లేక తెలిసి తీసుకున్నవాడో అని కోర్టు అనుకోవచ్చు, ఎలా వచ్చిందో చెప్పగలిగితే తప్ప. పాత సాక్ష్యాధారాల చట్టం 114లో మొదటి ఉదాహరణ, ఇప్పుడు 119. "అనుకోవచ్చు" అనే ఉంది, "అనుకోవాలి" అని లేదు. కొద్దికాలం అంటే ఎంతన్నది సరుకుని బట్టి. ఎరభద్రప్ప కేసులో, 1983లో, సొత్తు ఏడాది తర్వాత దొరికినా ఆ ఊహ వర్తిస్తుందన్నారు, ఎందుకంటే అక్కడి వస్తువులు చకచకా చేతులు మారేవి కాదు. ఫోను చేతులు మారడానికి ఏడాది అక్కర్లేదు, పూట చాలు.

కొనేముందు *#06# కొట్టి ఐఎంఈఐ చూసుకోండి. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పెడితే బ్లాకు అయిందో లేదో వస్తుంది. పోయిన ఫోన్లని బ్లాకు చేసే సీఈఐఆర్ 2023 మేలో దేశమంతటికీ వచ్చింది. బ్లాకైన ఫోన్లో సిమ్ము వెయ్యగానే వివరం పోలీసులకి వెళ్తుంది. మీకొచ్చిన పిలుపు అలాగే వచ్చుంటుంది. అమ్మినాయన ఆధార్ కాపీ, సంతకం, కొన్న తేదీ ఒక రిజిస్టరులో పెట్టుకోండి. ఐఎంఈఐ మార్చిన ఫోను అని తెలిసీ ఉంచుకుంటే మాత్రం 2023 టెలికం చట్టం కింద 3 ఏళ్ళు, 50 లక్షల దాకా జరిమానా. ఆ జోలికి పోవద్దు.

సిడ్నీ సుబ్బు

ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో సరిగ్గా మీ రైల్వే చట్టం లాంటిదే మామూలు వస్తువులకి కూడా ఉంది. 1900 నాటి క్రైమ్స్ యాక్టులో 527సి. వాడుకలో "గూడ్స్ ఇన్ కస్టడీ" అంటారు. దొంగిలించినదని సహేతుకంగా అనుమానించదగ్గ వస్తువు నీ దగ్గర ఉంటే చాలు, ఎవరిది, ఎప్పుడు పోయింది అన్నది పోలీసులు చూపించక్కర్లేదు. అనుమానించడానికి నాకు తగిన కారణం లేదని నువ్వే కోర్టుని ఒప్పించాలి. శిక్ష చిన్నది, 6 నెలల దాకా. బండి అయితే ఏడాది.

మన విద్యార్థులకి చెబుతుంటాను. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ఎలక్ట్రిక్ సైకిలు సగం ధరకి, చార్జరు లేకుండా, స్టేషన్ బయట నగదుకి ఇస్తానంటే ఆ సగం ధరే అనుమానానికి ఆధారం అవుతుంది. కనీసం చాటింగ్ చెరపకండి, బ్యాంకు ద్వారా డబ్బు పంపండి అని.

వరంగల్ పోరడు

సుబ్బన్నా, ఆడ ఆర్నెల్లు, ఈడ అయిదేండ్లు. భారం నా నెత్తిన పెట్టి శిక్ష గింత చిన్నగుంటే కొంత అర్థమైతది. రెండూ పెద్దగనే ఉంటే ఎట్ల?

మాజీ ఖాకీ

పోరడు బాగా పట్టుకున్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రభుత్వం వైపు వాదన ఏమిటంటే, వేల కిలోమీటర్ల లైను, యార్డులు, కాపలా లేని చోట్లు, ప్రతి క్లిప్పుకీ సాక్షిని తేలేం అని. టెలిగ్రాఫ్ రాగి తీగలకి కూడా 1950లో ఇలాంటి చట్టమే చేశారు, తీగలు పోయాక 2023లో రద్దు చేశారు. పట్టాలు ఇంకా ఉన్నాయి.

నా మటుకు నేను చూసింది: అమ్మడానికి చోటు లేకపోతే ఊడబీకేవాడు ఉండడు. కొనేవాణ్ణి వదిలేస్తే ఆ కుర్రాళ్ళని ఎంతమందిని పట్టినా ఇంకొకడు వస్తాడు. అందుకని కొన్నవాడి మీద కేసు ఉండాలనే అంటాను. కానీ చదవడం రానివాడి చేత రాయించిన వాంగ్మూలం మీద కేసు నిలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. సామాను, గుర్తింపు, లెక్కల పుస్తకం చూసి నిలబెడితే నిలబెట్టు, లేకపోతే వదిలెయ్.

తుక్కుశీను

మాజీ ఖాకీగారూ, మీరు సర్వీసులో ఉన్నప్పుడు మా ఊరికి పోస్టింగు రాలేదేంటండీ.

జంక్షన్ కుర్రాడు

అందరికీ థాంక్స్. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. స్టేట్‌మెంట్ గురించి అడిగితే "నువ్వు ఒప్పుకుంటే రాత్రికే ఇంటికి పంపుతాం అన్నారు, అందుకని పెట్టాను" అన్నాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, టీ కూడా ఇప్పించారట. దీన్ని ఇప్పుడు ఏం చెయ్యాలి?

నల్లకోటు

ఆ ఒక్క వాక్యం మీ కేసులో చాలా ముఖ్యం. ఆర్పీఎఫ్ ముందు వాంగ్మూలం చెల్లుతుందన్నా, అది స్వచ్ఛందంగా ఇచ్చిందై ఉండాలి. కొడతామని బెదిరించడం ఒక్కటే కాదు, ఆశ చూపి తీసుకున్నా ఒప్పుకోలు చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 24, కొత్త చట్టంలో 22. "ఒప్పుకుంటే ఇంటికి పంపుతాం" అన్నది ఆశ చూపడమే అని వాదించవచ్చు.

కానీ ఇది ఏడాది తర్వాత విచారణలో మొదటిసారి చెబితే వకీలు నేర్పిన మాటలా ఉంటుంది. కోర్టుకి హాజరైన మొదటి వాయిదాలోనే, నాన్నగారి మాటల్లోనే, ఆ వాంగ్మూలాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు మేజిస్ట్రేటుకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరు రాశారు, చదివి వినిపించారా, ఏ భాషలో ఉంది, ఏమని చెప్పి సంతకం తీసుకున్నారు, అంతే. కొట్టారు తిట్టారు అని లేనిది కలపొద్దు. టీ ఇప్పించారన్నది కూడా దాచక్కర్లేదు.

ఆ కుర్రాడు నాన్నగారి పేరు చెప్పాడన్నది ఒక్కటే అయితే శిక్షకి సరిపోదు. సహనిందితుడి ఒప్పుకోలు ఇతర సాక్ష్యానికి తోడుగానే చూస్తారు. మీ ఇబ్బంది సంచి దొరకడం. కాబట్టి పుస్తకం, పాత లోడ్ల బిల్లులు, పెద్ద వ్యాపారికి వేసిన తూకం చీటీలు, ఆ నెలలో ఇనుము ధర చూపే ఏదైనా కాగితం, ఇవన్నీ ఒరిజినల్స్ మీ దగ్గర ఉంచుకుని జిరాక్సులు లాయరుకి ఇవ్వండి. జప్తు పంచనామా కాపీ అడగండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 105 ప్రకారం పోలీసు సోదా, జప్తు ఆడియో వీడియో తియ్యాలి. ఆర్పీఎఫ్ సోదాకి అది ఎంతవరకు పడుతుందన్నది మీ లాయరు వాదించాల్సిన సంగతి, కానీ వీడియో ఉందా అని అడగడంలో నష్టం లేదు.

రైల్వే కోర్టులో ఈ కేసులు రోజూ చేసే స్థానిక న్యాయవాదిని పెట్టుకోండి, నాలాంటి సివిల్ కేసుల వాణ్ణి కాదు. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టండి.

కృష్ణలంక రాజా

ఓకే సార్, నా పోస్టు తీసేశాను అనుకోండి. మాకు అలా క్లోజ్ అయిందంటే అది వేరే కేసేమో మరి.

ఆటో బాషా

లేటుగా వచ్చాను. ఇలాంటి కేసులోనే మా బావమరిది ఆటో పట్టుకెళ్ళారు. కిరాయికి సంచులు వేసుకున్నాడు, అందులో రైల్వే సామాను ఉందట. వాడి పేరు కేసులో లేదు, ఆటో మాత్రం పోస్టు ముందే ఎండలో ఉంది. ఫైనాన్సు కంతులు ఆగవు కదా. ఆటో ఎప్పటికి వస్తుంది?

నల్లకోటు

బాషాగారూ, ఈ చట్టం 13వ సెక్షన్ కింద సామాను మోసిన బండిని జప్తు చెయ్యమని ఆదేశించే అధికారం కోర్టుకి ఉంది. అది కేసు చివర్లో సంగతి. అప్పటిదాకా తాత్కాలికంగా అప్పగించమని మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వెయ్యండి. పాత సీఆర్‌పీసీలో 451, 457, ఇప్పుడు సురక్షా సంహితలో 497, 503. బండ్లు స్టేషన్ల ముందు ఏళ్ళ తరబడి తుప్పు పట్టనివ్వొద్దని, ఫొటోలు తీసి, బాండు తీసుకుని ఇచ్చెయ్యమని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో చెప్పింది. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కంపెనీ నిరభ్యంతర పత్రం, కిరాయి మాట్లాడినప్పటి ఫోను కాల్ వివరాలు సిద్ధం చేసుకోండి. ఆర్సీ ఎవరి పేరున ఉంటే పిటిషన్ వాళ్ళే వెయ్యాలి.

ఆటో బాషా

ఆర్సీ మా అక్క పేరున ఉంది సార్. ఆమెని తీసుకుని సోమవారం వెళ్తాం.